విద్యార్థి వాక్యం – ఎర్రసిరా

పుదుచ్చేరి పట్టణంలో రంగపిళ్ళై వీధి అని ఒక వీధి ఉన్నది. ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద దుబాసీగా ఉండి, తమిళంలో దినచర్య వ్రాసి చరిత్రకారులకు పెన్నిధిగా మిగిల్చిపోయిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) పేరు అది. ఆ దినచర్య సంగతి ఎరిగినవారు ఎందరో ఉన్నారు. ఆయనకు అంకితంగా ఒక తెలుగు లక్షణగ్రంథం వెలసిందని ఎరిగినవారు మాత్రం కొద్దిమంది. కస్తూరి రంగకవి రచించిన 'ఆనందరంగరాట్ఛందము' ఆ గ్రంథం. దానికే 'లక్షణచూడామణి' అని మరొక పేరు. తమిళం ఇంటిభాషగా, ఫ్రెంచి దొరల భాషగా చెలామణి అవుతున్న పట్టణంలోని ఒక ప్రభువు పేరిట తెలుగు పద్యలక్షణాన్ని విచారించిన గ్రంథం పుట్టడం చిత్రమే. పరభాషల నడుమ ఉన్నప్పుడే స్వభాషలోని ఒప్పుతప్పులపై చూపు నిశితమవుతుంది కాబోలు.

ఆ పట్టణానికి తెలుగు సంబంధం అంతటితో తెగలేదు. 800 కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి డెల్టాలో ఉన్న యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి విడివడి, నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగానే ఉన్నది. అక్కడి పిల్లలు చిరకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలే చదువుకున్నారు. పై చదువుకు పుదుచ్చేరి చేరేవారు చేరుతూనే ఉన్నారు. 1985లో కాలాపేటలో విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత రెండు తెలుగు రాష్ట్రాల నుండీ విద్యార్థుల రాక సాగుతున్నది. వీరు కాక, తరాల క్రితమే అక్కడ స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు పలికే కుటుంబాలవారు ఉన్నారు. వీరిలో ఎవరైనా తెలుగులో ఒక వ్యాసమో, పరిశోధన పత్రమో వ్రాయడానికి కూర్చున్నప్పుడు కాగితం మీదికి వచ్చే వాక్యం ఎటువంటిది, దానిని దిద్దే ఎర్రసిరా దేనిని దిద్దుతున్నది, దేనిని దిద్దక విడుస్తున్నది అనేదే ఇక్కడి ప్రశ్న. ఈ ప్రశ్న పుదుచ్చేరికి మాత్రమే చెందినది కాదు. హైదరాబాదులోనూ, విశాఖలోనూ, తిరుపతిలోనూ ఉన్నదే. కాని మూడు భాషలు ఒరుసుకునే చోట దాని రూపురేఖలు స్పష్టంగా అగుపడతాయి.

తెలుగులో ఆధునిక కాలపు అతిపెద్ద భాషావివాదం విద్యార్థి వ్యాసం మీదనే పుట్టిందని సాహిత్యలోకం మరచిపోతూ ఉంటుంది. గ్రాంథిక వ్యావహారిక వివాదమనగానే కవులూ కావ్యాలూ స్ఫురిస్తాయి. నిజానికి 1910 ప్రాంతాల రగడ అంతా బడిపిల్లవాడు పరీక్షలో వ్యాసం ఏ భాషలో వ్రాయాలి అన్న దానిపైననే నడిచింది. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్సు వేసిన ప్రశ్నలు, విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగారి ప్రోత్సాహం, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పట్టుదల, ఇవన్నీ విద్యావిషయాలు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు ప్రతిఘటన, 1913నాటి గిడుగు విజ్ఞాపన, 1914నాటి గురజాడ అసమ్మతి పత్రం, వీటన్నిటి కేంద్రంలోనూ ఒక పిల్లవాడు, వాడి చేతిలో ఒక కలం ఉన్నాయి. స్కూలు ఫైనలు వ్యాసం ఆధునిక భాషలో వ్రాయవచ్చునని 1912–13లో వచ్చిన అనుమతి కొద్దికాలానికే తొలగింది. పరిశోధన గ్రంథాలు వ్యావహారికంలో వ్రాయడానికి విశ్వవిద్యాలయాలు సమ్మతించేసరికి ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా గడిచింది.

గిడుగు ఆ వివాదంలో వాడిన ఆయుధం గమనింపదగినది. వ్యావహారికం సులభమని, సహజమని చెప్పి ఆయన ఊరుకోలేదు. గ్రాంథికమే వ్రాయాలని పట్టుపట్టిన పండితుల గ్రంథాలనే తెచ్చి, వారి వ్యాకరణం ప్రకారమే వారి వాక్యాలలో తప్పులు ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అన్న పేరులోనే ఆ పని స్వభావం తెలుస్తున్నది. గురువులకే పట్టుబడని భాషలో శిష్యునికి మార్కులు వేయడం ఏ న్యాయమన్నది దాని అంతరార్థం. పెద్దలను చిన్నబుచ్చాలన్న సరదా అందులో కొంత ఉండవచ్చు. అయితే ఆయన ఏరిన తప్పులలో ఎక్కువ భాగం పదరూపాలకు సంబంధించినవి: సంధి, విభక్తి, క్రియారూపం. ఇరుపక్షాలూ రూపాల మీదనే పోరాడాయి. 'చేసెను' అనవలెనా, 'చేశాడు' అనవలెనా అన్నది తేలింది. ఆ చేసినవాడు ఎవడో వాక్యంలో తెలియాలన్న సంగతి మాత్రం ఉభయులకూ అంతగా పట్టలేదు.

దీనికి వ్యాకరణ సంప్రదాయంలోనే కారణం ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాలలో సంజ్ఞ, సంధి మొదలు కృదంతం, ప్రకీర్ణకం దాకా అన్నీ ఉన్నాయి. వాక్యానికి ప్రత్యేకంగా పరిచ్ఛేదం లేదు. ఆ శాస్త్రానికి పూరకంగా వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల ప్రౌఢవ్యాకరణం (1885) వాక్యాన్ని పట్టించుకున్నది గాని, బడి దాకా దిగి వచ్చింది బాలవ్యాకరణమే. తెలుగు వాక్యాన్ని దాని అంతరంగంతో సహా విప్పి చూపే పుస్తకం కావాలంటే చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975) వరకూ ఆగవలసి వచ్చింది. ఈ నడుమ తరతరాల ఉపాధ్యాయులు తమకు తెలిసిన తప్పులనే దిద్దారు. తెలిసినవి పదంలోని తప్పులు. కనుక ఎర్రసిరా పదం మీదనే పడింది.

నేటి విద్యార్థి వ్యాసం ఒకటి దిద్ది ఇచ్చిన తరువాత చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 'అర్ధం' అని వ్రాసినచోట 'అర్థం' అని దిద్ది ఉంటుంది; అది న్యాయమే, ఒకటి సగం, రెండవది భావం. 'ప్రాధాన్యత', 'ప్రాముఖ్యత', 'నైపుణ్యత', 'వైవిధ్యత' అన్న చోట చివరి 'త' కొట్టివేసి ఉంటుంది. ప్రాధాన్యం, నైపుణ్యం అన్నవే భావవాచకాలు కనుక వాటిపై మరొక భావప్రత్యయం మూటమీద మూట. ఇంతవరకు బాగు. ఉత్సాహం పెరిగి 'ఆవశ్యకత'లోని 'త'ను కూడా కొట్టివేసే చేయి ఉన్నది. అక్కడ మూలపదం విశేషణం, ప్రత్యయం తన పని తాను చేస్తున్నది. పైగా 'ప్రాధాన్యత' అని దినపత్రికల శీర్షికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, పేరున్న రచయితల ముందుమాటలు నిత్యం ఘోషిస్తుండగా విద్యార్థి ఒక్కడిని పట్టుకొని మార్కు కోయడం ఏమంత ధైర్యం?

దీనికంటె అన్యాయమైనది మాండలికరూపాల మీద పడే గీత. రాయలసీమ నుండి వచ్చిన విద్యార్థి 'చేసినాడు' అంటాడు, తెలంగాణవాడు 'చేసిండు' అంటాడు, గోదావరి జిల్లాలవాడు 'చేశాడు' అంటాడు. ఈ మూడింటిలో మూడవది ప్రమాణమైంది చరిత్రవశాన, వ్యాకరణవశాన కాదు. ప్రామాణిక భాష పేరిట ఒక ప్రాంతపు నుడి తక్కినవాటి నెత్తిన కూర్చోవడాన్ని కాళోజీ నారాయణరావు (1914–2002) జీవితాంతం నిరసించారు. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషాదినం కాగా, కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినం. రెండింటికీ నడుమ ఉన్నవి పదకొండు రోజులే అయినా, బడిలో ఆ దూరం ఇంకా తరగలేదు. 'చేసిండు' అన్నవాడి వ్యాసంలో దిద్దవలసినది ఆ రూపం కాదు. ఒకే పేరాలో 'రచించెను' అని ఒకచోట, 'అంకితమిచ్చాడు' అని ఒకచోట, 'పేరు పొందిండు' అని మరొకచోట వస్తే, అది ఏ ఊరి భాషా కాదు. అప్పుడు మాత్రం కలం ఎత్తవచ్చు.

ఇక అసలు సంగతి. పదాలన్నీ ఒప్పులై, వాక్యం తప్పైనచోట ఎర్రసిరా మౌనంగా సాగిపోతుంది. పరిశోధన పత్రాలలో మళ్ళీ మళ్ళీ తగిలే తీరు వాక్యం ఒకటి ఇట్లా ఉంటుంది: "ఈ అధ్యాయంలో జానపద గేయాలను సేకరించి, అవి మూడు విభాగాలుగా కనిపిస్తున్నాయి." ఇందులో అక్షరదోషం లేదు, సంధిదోషం లేదు. 'సేకరించి' అన్నది క్త్వార్థకం. ఆ పని చేసినవారే తరువాతి సమాపకక్రియకూ కర్త కావాలన్నది బడిలో అందరూ వల్లించిన సూత్రం. దాని ప్రకారం చూస్తే ఇక్కడ గేయాలను సేకరించినవి గేయాలే.

నవ్వి ఊరుకోదగిన వాక్యం కాదిది. దీనిని దిద్దడానికి రెండు దారులున్నాయి. "సేకరించిన జానపద గేయాలు మూడు విభాగాలుగా కనిపిస్తున్నాయి" అనవచ్చు. "జానపద గేయాలను సేకరించి మూడు విభాగాలు చేయడమైనది" అనవచ్చు. రెండూ నిర్దుష్టమైన వాక్యాలే. కాని రెండూ చెప్పే సంగతి ఒకటి కాదు. మొదటిది విభాగాలు గేయాలలోనే ఉన్నాయంటున్నది; రెండవది విభజన పరిశోధకుడు చేసినదంటున్నది. మొదటిది నిజమైతే దానికి ఋజువు చూపాలి. రెండవది నిజమైతే దానికి కారణం చెప్పాలి. విద్యార్థి వ్రాసిన తప్పు వాక్యంలో ఈ రెండు బాధ్యతలూ కలిసి మాయమయ్యాయి. వ్యాకరణదోషమని పైకి కనిపించేది లోపల ఆలోచన తేల్చుకోకపోవడమే. ఉపాధ్యాయుడు పక్కన 'వాక్యదోషం' అని వ్రాసి వదిలితే ఏమీ తెలియదు, 'విభజించింది ఎవరు?' అని వ్రాస్తే, విద్యార్థి తిరిగి తన కాగితాల కట్ట విప్పవలసి వస్తుంది.

ఈ దోషానికి మూలం అజ్ఞానం మాత్రమే కాదు. శాస్త్రీయ రచనలో 'నేను' అనరాదని విద్యార్థికి ఎవరో చెప్పి ఉంటారు. అతడు 'నేను'ను తీసివేస్తాడు; దాని స్థానంలో ఏమి ఉంచాలో ఎవరూ చెప్పలేదు. కర్త లేని వాక్యానికి దిక్కు ఏది? దగ్గరలో ఉన్న ఏ నామవాచకమో వచ్చి ఆ ఖాళీ పీట మీద కూర్చుంటుంది.

అయితే సమానకర్తృకత్వ సూత్రాన్ని పట్టుకొని లాఠీ త్రిప్పేవారికి కూడా ఒక హెచ్చరిక అవసరం. "వాన కురిసి చెరువు నిండింది." కురిసినది వాన, నిండినది చెరువు. "నడిచి నడిచి కాళ్ళు నొప్పిపుట్టాయి." నడిచినది మనిషి, నొప్పి పుట్టినవి కాళ్ళు. ఈ వాక్యాలలో తప్పు పట్టే తెలుగువాడు లేడు. మొదటి పని రెండవదానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా భాష ఒప్పుకుంటుంది. వాన కురవడం వల్లనే చెరువు నిండింది. గేయాలను సేకరించడం వల్ల అవి మూడు రకాలు కాలేదు. సూత్రాన్ని సగమే నేర్చిన ఉపాధ్యాయుడు చెరువు వాక్యాన్ని కొట్టివేసి గేయాల వాక్యాన్ని విడిచిపెట్టిన సందర్భాలు లేకపోలేదు.

శత్రర్థకం సంగతీ ఇంతే. "పడవలో వెళుతూ గోదావరి ఎర్రగా కనిపించింది" అంటే గోదావరి పడవ ఎక్కినట్లున్నది. "వెళుతుండగా" అంటే మనిషి ఎక్కుతాడు. తెలుగు ఒక్క 'ఉండగా' చేర్చి కర్తను మార్చుకోగలదు. ఇంత చక్కని సాధనం చేతిలో ఉండి వాడకపోవడం విచారకరం. "కవి జీవితాన్ని పరిశీలిస్తూ అనేక సందేహాలు కలుగుతున్నాయి" అన్న వాక్యం "పరిశీలిస్తుంటే" అన్న రూపంతో నిలుస్తుంది.

భాష ఉచితంగా ఇచ్చిన సూక్ష్మతను విద్యార్థి చేజేతులా పారవేసుకునే మరొక చోటు 'తన', 'అతని' అన్న మాటలు. "విమర్శకుడు కవి అభిప్రాయాన్ని అతని మాటలతోనే ఖండించాడు" అంటే ఆ మాటలు కవివి. "తన మాటలతోనే ఖండించాడు" అంటే విమర్శకునివి. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే సర్వనామం. అక్కడ సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ఇంగ్లీషు గ్రంథాలు చదివి నోట్సు తీసుకొని తెలుగులో వ్యాసం వ్రాసే విద్యార్థి రెంటికీ 'అతని' అనో, గౌరవానికి 'ఆయన' అనో పెట్టేస్తాడు. ఖండన ఎవరి మాటలతో జరిగిందో పాఠకుడికి తెలియదు. తరచి అడిగితే విద్యార్థికీ తెలియదు. అనుకృతి వాక్యంలో ఈ భేదం మరింత పదునైనది. "ఆ పద్యం తాను వ్రాయలేదని కవి చెప్పాడు" అన్నప్పుడు వ్రాయనిది కవి. "ఆ పద్యం అతను వ్రాయలేదని కవి చెప్పాడు" అన్నప్పుడు వ్రాయనిది మరొకడు. చాటుపద్యాల కర్తృత్వం మీద పరిశోధన చేసేవాడు ఈ ఒక్క మాట తారుమారు చేస్తే ఒకరి పద్యం మరొకరి ఖాతాలో పడుతుంది. ఇటువంటి పొరపాట్లు ఒక గ్రంథం నుండి మరొక గ్రంథానికి ఉదాహరణగా ప్రాకి, కొంతకాలానికి సాహిత్యచరిత్ర అయి కూర్చుంటాయి.

వ్యతిరేకక్రియతో వచ్చే చిక్కు ఇంకొకటి. "ఈ కాలపు కవులందరూ ఛందస్సును విడిచిపెట్టలేదు." ఒక్కరూ విడువలేదనా, కొందరే విడిచారనా? రెండు అర్థాలూ వస్తాయి. నోటితో చెప్పినప్పుడు ఊనిక వల్ల తేలిపోతుంది. 'అందరూ' అన్నచోట గొంతు కాస్త ఎత్తితే చాలు. కాగితానికి గొంతు లేదు. "ఒక్కరూ విడిచిపెట్టలేదు" అనో, "విడిచిపెట్టినవారు కొందరే" అనో వ్రాయాలి. వ్యాకరణం తెలిసిన పరీక్షకుడు కూడా ఈ వాక్యం ప్రక్కన ఒప్పు గుర్తు పెట్టి ముందుకు పోతాడు. వాక్యం చెబుతున్నది ఒక తరం కవిత్వాన్ని గురించిన నిర్ణయం అని అతనికి తోచదు.

'అని' గొలుసు కూడా ఈ కోవలోనిదే. "గ్రాంథికవాదులు భాష చెడిపోతుందని భయపడ్డారని, ఆ భయం సరికాదని తెలుస్తున్నది." సరికాదన్నది ఎవరు? విద్యార్థి చదివిన గ్రంథకర్తా, విద్యార్థి తానేనా? 'తెలుస్తున్నది' అన్న క్రియ రెండింటినీ ఒకే గొంగళిలో చుట్టివేసింది. పరుల అభిప్రాయానికి, సొంత తీర్పుకు నడుమ హద్దు చెరగడమే గ్రంథచౌర్యానికి తొలిమెట్టు. చాలామంది విద్యార్థులు దొంగతనం చేయాలని చేయరు. 'అని' ఎక్కడ ముగించాలో తెలియక చేస్తారు.

ఇంగ్లీషు ఛాయల గురించి చాలామంది చాలా వ్రాశారు కనుక ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. "కవి ద్వారా వ్రాయబడిన కావ్యం" అన్నది "కవి వ్రాసిన కావ్యం" అయితే ఒక మాట తగ్గి తెలుగు మిగులుతుంది. 'బడు' ప్రయోగం మహాపాపమేమీ కాదు. చేసినవారు తెలియనప్పుడు, తెలియనవసరం లేనప్పుడు అది పనికివస్తుంది. కాని ఇంగ్లీషువాడు కర్మను ముందుకు తెచ్చుకోవడానికి కర్మణిప్రయోగాన్ని ఆశ్రయిస్తాడు. అతని భాషలో పదక్రమం మారితే అర్థం మారుతుంది కనుక అతనికి గత్యంతరం లేదు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. "ఈ కావ్యాన్ని కవి వృద్ధాప్యంలో రచించాడు" అంటే కావ్యం ముందుకు వచ్చింది, కవి తన పని తాను చేశాడు, 'ను' విభక్తి ఎవరేమిటో చెప్పింది. లేని జబ్బుకు మందు మింగడమెందుకు? "ఏ కవులైతే ప్రకృతిని వర్ణించారో ఆ కవులు" అన్నదానికి "ప్రకృతిని వర్ణించిన కవులు" చాలు. అయితే యత్తదర్థక వాక్యమే తెలుగు కాదనేవారు తొందరపడుతున్నారు. 'ఎవరు తీసిన గోతిలో వారే పడతారు' అన్న సామెతను ఏ ఇంగ్లీషు బడిలోనూ నేర్పలేదు. అందరికీ వర్తించే మాట చెప్పేటప్పుడు ఆ కట్టుబడి తెలుగుదే. ఫలానా కవులను గూర్చి చెప్పేటప్పుడు కాదు.

ఈ దోషాలను విద్యార్థి ఎక్కడ నేర్చుకున్నాడు? అనువాదాలలో. శాస్త్ర గ్రంథాలు, పాఠ్యపుస్తకాలు, పత్రికా వార్తలు, ప్రకటనలు, ఇవన్నీ ఇంగ్లీషు నుండి హడావిడిగా దిగుమతి అయినవి. 'యొక్క' అడుగడుగునా గుచ్చుకునే వాక్యం విద్యార్థి కనిపెట్టినది కాదు. అచ్చులో గౌరవంగా నిలబడి ఉండగా చూసి, పాండిత్యమంటే ఇదే కాబోలని అనుకరించాడు. అనువాదకులూ, సంపాదకులూ, పీఠికలు వ్రాసే పెద్దలూ తమ వాక్యాలను విద్యార్థి వ్యాసంలో గుర్తుపట్టవచ్చు. గిడుగు బ్రతికి ఉంటే ఏ భిషక్కుల మీద కలం దూసేవారో ఊహించడం కష్టం కాదు.

పుదుచ్చేరి విద్యార్థి విషయంలో దీనికి తమిళం తోడవుతుంది. తమిళంలో ఏకవచనంలో స్త్రీకి వేరే క్రియారూపం ఉన్నది, తెలుగులో లేదు. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' రెండింటికీ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరి 'వచ్చారు' అవుతారు. మహత్తులు, మహతీవాచకాలు, క్లీబాలు అని చిన్నయసూరి పేర్కొన్న విభజనలోని వింత ఇది. తమిళంతో పెరిగిన పిల్లకు 'రచయిత్రి చెప్పింది' అన్నది అవమానంగా తోస్తుంది, 'చెప్పారు' అంటుంది. రెండు వాక్యాల తరువాత చేయి పాత అలవాటుకు పోయి 'వ్రాసింది' అంటుంది. దీనిని వ్యాకరణదోషమని దిద్దడం తేలిక. మగ రచయితకు 'అన్నాడు' అని, రచయిత్రికి 'అన్నారు' అని గౌరవం కేటాయించాలా, లేక ఇద్దరికీ ఒకటే కొలత పెట్టాలా అన్నది ఆ పిల్ల తెలియకుండానే లేవనెత్తిన ప్రశ్న. దానికి తెలుగు విమర్శ ఇంతవరకు నికరమైన సమాధానం ఇవ్వలేదు. వ్యాసమంతటా ఒకే కొలత ఉండాలని మాత్రం అడగవచ్చు. 'ఐదు కవులు' అని వ్రాస్తే మాత్రం సందేహించకుండా 'ఐదుగురు కవులు' అని దిద్దవలసినదే. మనుషులను లెక్కపెట్టడానికి తెలుగుకు వేరే సంఖ్యలున్నాయి, వాటిని పోగొట్టుకోరాదు. 'పాత్రలు మాట్లాడతారు' అన్నది మరో రకం. పాత్ర క్లీబం, మాట్లాడేది మనిషి. శబ్దాన్ని బట్టి 'మాట్లాడతాయి' అన్నా, అర్థాన్ని బట్టి 'మాట్లాడతారు' అన్నా ఎర్రసిరా ఖర్చు చేయదగినది కాదు.

తమిళ సహవాసం వల్ల వచ్చే ఇంకొక భ్రాంతి ఉన్నది. చుట్టూ ఉన్న తమిళంలో వ్రాతభాషకూ నోటిభాషకూ నడుమ ఎడం నేటికీ పెద్దది. సభలోనూ, పత్రికలోనూ రాజ్యం చేసేది వ్రాతభాషే. అది చూసి పెరిగినవారికి తెలుగు కూడా అట్లాగే వ్రాయాలన్న అభిప్రాయం సహజంగా కలుగుతుంది. కనుక 'చేయుచున్నది', 'కలదు', 'యగును' అని మొదలుపెడతారు. మూడవ వాక్యానికి ఊపిరి ఆడదు. సుబ్రహ్మణ్య భారతి పుదుచ్చేరిలో తలదాచుకొని తమిళ వచనానికి క్రొత్త నడక నేర్పుతున్న 1908–1918 నడుమనే తెలుగునాట గిడుగు, గురజాడ తమ పోరు సాగించారు. రెండు భాషలూ ఆ దశాబ్దంలో ఒకే రకమైన కూడలికి వచ్చి, తరువాత వేర్వేరు దారులు పట్టాయి. తెలుగు తన విద్యార్థికి నోటిమాటతో వ్రాసే స్వాతంత్ర్యం ఇచ్చింది. నోటిమాట కాగితం మీద నిలబడాలంటే గొంతు, చేయి, కనుబొమ లేకుండా అవి చేసే పని అంతా వాక్యమే చేయాలన్న రహస్యం మాత్రం చెప్పలేదు. వ్యావహారికం వచ్చింది కనుక వ్యాకరణం అక్కరలేదన్న మాట ఈ రహస్యం తెలియనివారిది. నిజానికి గ్రాంథికంలో పదరూపం తెచ్చిపెట్టే గాంభీర్యం చాటున పొసగని వాక్యం దాగగలిగింది. వ్యావహారికంలో దానికి చాటు లేదు.

మరి దిద్దడం ఎట్లా? తప్పొప్పుల పట్టికలు బజారులో కొల్లలుగా ఉన్నాయి. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. వాటివల్ల 'ప్రాధాన్యం' నేర్చుకోవచ్చు, 'పునర్సృష్టి' బదులు 'పునస్సృష్టి' అనడం నేర్చుకోవచ్చు. గేయాల వాక్యాన్ని ఏ పట్టికలోనూ చేర్చడం కుదరదు, దానికి ఒప్పు ఒకటి కాదు గనుక. వ్రాసినవాడిని అడిగితే తప్ప ఒప్పు తేలదు. అందువల్ల ఇరవై చోట్ల ఎర్రగీత గీయడం కంటె, మూడు వాక్యాలు ఎంచుకొని, ప్రతి క్రియ క్రిందా గీత గీసి, 'ఇది చేసింది ఎవరు?' అని విద్యార్థి చేతనే కర్తను వెతికించడం ఎక్కువ ఫలితమిస్తుంది. పైకి చదివించడం మరీ మంచిది. 'సేకరించి, అవి' అన్నచోట చదివేవాడి గొంతే తడబడుతుంది. వ్యాకరణం చదవని చెవికి కూడా ఆ కుంటు వినిపిస్తుంది. దీనికి సమయం పడుతుందన్నది నిజమే. అరవై వ్యాసాల కట్ట ముందు పెట్టుకొని కూర్చున్న ఉపాధ్యాయుడికి ఈ సలహా ఎగతాళిగా ధ్వనించవచ్చు. అటువంటప్పుడు 'త'లు కొట్టివేసే పనిని మానుకుంటే కొంత సమయం మిగులుతుంది.

ఎందుకీ పట్టుదల అని అడగవచ్చు. పుదుచ్చేరిలో చదివే తెలుగు విద్యార్థికి తెలుగులో వ్రాయవలసిన నిర్బంధం దాదాపు లేదు. ఇంగ్లీషులో వ్రాస్తే అతని వ్యాసాన్ని దిద్దడానికి నిఘంటువులు, కైపుస్తకాలు, యంత్రాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో వ్రాయడం అతడు తనంత తాను ఎంచుకున్న కష్టం. ఆ కాగితం ఇరవై ఎర్రగీతలతో తిరిగి వస్తే, అందులో పది అతని ఊరి నుడి మీద, ఆరు పత్రికలన్నీ చేసే తప్పుల మీద, నాలుగు అక్షరాల మీద ఉండి, అతని ఆలోచన మీద ఒక్కటీ లేకపోతే, తరువాతి వ్యాసం ఏ భాషలో వస్తుందో చెప్పనక్కరలేదు. యానాం నుండి వచ్చిన ఆ పిల్లవాడు గోదావరి మీద వ్రాసిన వాక్యంలో నది పడవ ఎక్కితే, దానిని దింపడానికి కావలసినది 'ఉండగా' అన్న ఒక్క మాట. అది చెప్పగలవాడు ప్రక్కన ఉంటే అతడు రెండవ వాక్యం వ్రాస్తాడు.